తుడిచివేసిన మాట

గడచిన సంక్రాంతి సెలవులలో, అనగా 2026 జనవరిలో, మా పిల్లలు ‘మన శంకర వరప్రసాద్ గారు’ చూడవలెనని పట్టుపట్టిరి. మావారు మధ్యాహ్నపు కాఫీ త్రాగుచు టిక్కెట్లకొరకు సెల్‌ఫోనులో బుక్‌మైషో తెరచిరి. చిత్రము పేరు క్రింద, చూచినవారు వేసిన మార్కులును, వారు వ్రాసిన నాలుగు ముక్కలును ఉండుట అక్కడి వాడుక. ఆనాడు ఆ చోట మార్కులు లేవు, మాటలు లేవు. న్యాయస్థానపు ఉత్తర్వు ననుసరించి వానిని నిలిపివేసినట్లు తెలుపు ఒక్క పంక్తి మాత్రము కలదు. టిక్కెట్లు దొరికినవి గనుక పిల్లలకు ఆ పంక్తితో పని లేకపోయెను. మావారు లెక్కల మాష్టారు. “పరీక్ష పెట్టి మార్కులు దాచినట్లున్నదే” యని నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు.

మేముండునది ఫిల్మ్‌నగరులో. జూబిలీహిల్స్ అనగానే దూరపు సోదరీమణులకు అద్దాల మేడలును, నటుల కార్లును తోచును గాని, ఆ మేడల నడుమ ఇరుకు వీథులును, అద్దెవాటాలును చాల కలవు. స్టూడియోలలో దీపములు మోయువారు, రంగు పూయువారు, వంటబండితో వెళ్లువారు, దుస్తులు కుట్టువారు ఈ వీథులలోనే యుందురు. ఫలానా సినిమా బాగులేదని మా వీథిలో బిగ్గరగా ననుటకు వీలులేదు. దానికి పనిచేసినవారెవరో ఒకరు గోడ కవతల ఉండియే యుందురు.

మా ప్రక్కవాటాలో నున్న ఇల్లాలు తణుకు ప్రాంతమునుండి వచ్చి, ఇరువదియేండ్లుగా సినిమా దుస్తుల మేస్త్రీ క్రింద కుట్టుపని చేయుచున్నది. ఆ సాయంకాలము ముగ్గుపిండికని వచ్చినప్పుడు బుక్‌మైషో పంక్తి మాట చెప్పితిమి. ఆమె ముఖము వికసించెను.

“మంచి పని చేశారండీ అక్కయ్యగారూ! ఆ రాసేవాళ్లలో సగం మంది సినిమా చూడనేలేదు. ఒక హీరో మనుషులు ఇంకో హీరో మీద రాస్తారు. మేము రాత్రీపగలూ కళ్లు పోగొట్టుకుని కుడతాం, వాడెవడో పొద్దున్నే మంచంమీద పడుకుని ఒక్క నొక్కు నొక్కుతాడు.”

ఆమె మాటలో అసత్యము లేదు. చిత్రము విడుదలైన గడియలోనే గుంపులు గుంపులుగా తక్కువ మార్కులు వేయుట, మనుష్యులు గాక యంత్రములే వేయునట్లు చేయుట ఇప్పుడొక వృత్తియైనది. 2024 ఏప్రిలులో ‘ఫ్యామిలీ స్టార్’ వచ్చినప్పుడు, పనిగట్టుకొని దుష్ప్రచారము చేయుచున్నారని ఆ నటుని పక్షమువారు సైబర్ నేరముల పోలీసులకు ఫిర్యాదు చేసిరి. ఆ నటుడు విజయ్ దేవరకొండయే ఈ సంక్రాంతి ఉత్తర్వును చూచి, పదిమంది కష్టమునకు రక్షణ దొరకినందుకు సంతోషము, మనవారే ఇంతకు తెచ్చినందుకు విచారము అను భావముతో నాలుగు వాక్యములు ప్రకటించెను. కేరళమున 2023 అక్టోబరులోనే ఇట్టి వ్రాతలపై కొచ్చి పోలీసులు కేసు పెట్టిరి. మదరాసు హైకోర్టు మాత్రము, చిత్రము వచ్చిన మొదటి మూడు దినములు సమీక్షలే ఉండరాదని నిర్మాతలు కోరగా, 2024 డిసెంబరులో అట్లు నిషేధించుటకు ఒప్పుకొనలేదు. ఒకచోట ఒకతీరు, మరియొకచోట మరియొకతీరు.

ఆమెకు మరియొక బాధయు గలదు. మూడేండ్ల క్రిందట, సినిమా పని లేని నెలలలో, పూసలు కుట్టిన రవికెలను ఒక అంతర్జాలపుటంగడిలో పెట్టి అమ్మెడిది. ఎవరో ఒకామె తప్పు కొలత పంపి, వచ్చిన రవికె పట్టలేదని ఒక్క నక్షత్రము వేసి, కుట్టినవారికి చేతులు లేవా యని వ్రాసెను. కొలతల చీటీని జతపరచి ఈమె ఎన్ని విన్నపములు పంపినను ఆ మాటను అంగడివారు తీయలేదు. అప్పటికి ఆమె కున్న అభిప్రాయములు ఆరో ఏడో; అందులో నొకటి అట్టిదైనచో ఎవరు కొందురు? రెండు నెలలలో ఆ వర్తకము మూతపడెను. అందువలన ఎవరి నోరు మూయించినను ఆమెకు సంతోషమే.

ఆమె చెప్పుచుండగా మా మనస్సు మాత్రము సినిమాను విడిచి మా బీరువాలో అట్టడుగున నున్న ఒక చీరమీదికి పోయినది. అప్పుడే ఆ చీర మాట ఆమెతో చెప్పియుండవలసినది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ముందు తెలియును.

2025 శ్రావణమున వరలక్ష్మీవ్రతమునకని ఒక అంతర్జాలపుటంగడిలో, దాని పేరు చెప్పము, మంగళగిరి చేనేత చీర యొకటి 1,850 రూపాయలకు కొంటిమి. బొమ్మలో ఆకుపచ్చ నేతపై నిజాము అంచు ముచ్చటగా నుండెను. కొన్నవారి నక్షత్రములు నాలుగున్నరకు పైమాటయే. చీర వచ్చినది. మా నాయనమ్మ మాకు చిన్ననాడే చీర అంచు త్రిప్పి చూచుట నేర్పినది: చేతిమగ్గముపై నేయునప్పుడు బట్టను వెడల్పుగా బిగించి పట్టుదురు గనుక అంచుల వెంబడి సన్నని సూదిగుర్తులుండును. ఈ చీరకు అవి లేవు. హ్యాండ్‌లూమ్ మార్క్ చీటీయు లేదు. మడికని తడిపినంతనే బకెట్టులోని నీరు ఆకుపసరువలె నాయెను. తడిపిన చీరను వాపసు తీసికొనమనిరి.

కోపము వచ్చినది గాని హద్దు మీరక వ్రాసితిమి. ఇది మరనేత చీర, అమ్మినవారు చేనేత యని చెప్పుట అసత్యము, రంగు పోవును. అంచు బొమ్మయు, బకెట్టు బొమ్మయు జతపరచి ఒక్క నక్షత్రము వేసితిమి. నాలుగవనాడు చూడగా మా మాట లేదు. నియమములకు విరుద్ధమైనదని ఒక లేఖ వచ్చినది. ఏ నియమ మని చదువగా, వస్తువు పుటలో వస్తువును గూర్చియే వ్రాయవలెననియు, అమ్మకందారుని గూర్చిన మాటకు వేరొక పుట గలదనియు తెలిసెను. సరే యని ఆ పుటకు పోయి వ్రాసితిమి. రెండు దినములకు అదియు మాయమయ్యెను. ఈసారి లేఖలో, నీవు వ్రాసినది చీరను గూర్చియున్నది, కాన అమ్మకందారుని పుటలో చెల్లదు అను అర్థమున్నది.

చదువరులు నవ్వుకొందురు గాక. మేమును తరువాత నవ్వుకొంటిమి. చీరను గూర్చి అక్కడ, మనిషిని గూర్చి ఇక్కడ. చీరయు మనిషియు కలసి చేసిన మోసమును ఎక్కడ వ్రాయవలెనో ఏ పుటలోను లేదు. మూడవసారి తెలివి తెచ్చుకొని, చెప్పినదొకటి పంపినదొకటి యని మాత్రము అమ్మకందారుని పుటలో వ్రాసితిమి. అది నిలిచినది.

అది నిలిచిన మూడవనాడు అమ్మకందారుడు ఫోను చేసెను. వాపసు అడిగినప్పుడు పలుకని గొంతు ఎంత మెత్తబడెనో! అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అని పెద్దలూరక అనలేదు. “అమ్మా, మా పొట్ట కొట్టకండి. డబ్బంతా వెనక్కి వేస్తాం, చీర కూడా మీరే ఉంచుకోండి. ఆ ఒక్క ముక్క తీసేయండి చాలు” అనెను.

1,850 రూపాయలు మా యింట నెల పాలకు సరిపోవు సొమ్ము. ఒక రాత్రి ఆలోచించితిమి. మా నష్టము తీరుచున్నది గదా, ఇక పగ యెందుకు, అనుకొంటిమి. మరునాడు సొమ్ము బ్యాంకులో పడినది. మేము మా వ్రేలితోనే ఆ మాటను తుడిచివేసితిమి. మొదటి రెండు మారులు అంగడివారు తుడిచిరి, మూడవమారు మేమే.

సంక్రాంతి వెడలిన తరువాత మా పొరుగింటామె కుమార్తెకు సంబంధము కుదిరెను. మౌఢ్యము వెడలి ఫాల్గుణమున ముహూర్తము. పెట్టుబడి చీరలు అయిదు కావలసివచ్చినవి. కుట్టుపనిలో దుకాణములకు తిరుగ తీరిక లేక ఆమెయు ఫోనులోనే వెదకి, పండుగ తగ్గింపు ధరలున్న దినములలో కొని, పొట్లము విప్పకయే బీరువాలో పెట్టినది. పెండ్లి దగ్గరపడగా ఫాల్సు కుట్టుటకు తీసి చూచి, పొట్లముతో సహా మా యింటికి వచ్చెను. అప్పటికి వాపసు గడువు దాటినది.

“చూడండి అక్కయ్యగారూ, ఇరవయ్యేళ్లుగా బట్టలోనే బతుకుతున్నాను, నన్నే మోసం చేశారు. ఒక్కరంటే ఒక్కరు కూడా చెడ్డమాట రాయలేదండీ అక్కడ. అందరూ బాగుందనే రాశారు.”

అదే అంచు, అదే ఆకుపచ్చ. పొట్లముమీద అదే అమ్మకందారుని పేరు. అయిదు చీరలు, 9,250 రూపాయలు. మేము బీరువాలోని చీరను తెచ్చి ఆ అయిదింటి ప్రక్కన పరచితిమి, జరిగినదంతయు చెప్పితిమి. ఆమె మమ్ము నిందించియున్న బాగుండెడిది. “మీకు డబ్బు ఇచ్చేశారా? అదృష్టవంతులు” అని మాత్రము అనెను. ఆ మాటకు మేము నేటికిని సమాధానము చెప్పలేదు.

ఆ రాత్రి మావారితో చెప్పగా వారు పలకమీద లెక్క వేసి చూపిరి. ఇరువదిమంది కొన్నారనుకొనుము. పదునారుగురు అయిదేసి నక్షత్రములు వేసిరి, నలుగురు ఒక్కొక్కటి. సగటు 4.2. నలుగురిలో ఇద్దరి మాట తుడిచిన, 4.6కు దగ్గరగా పోవును. నలుగురినీ తుడిచిన నిండు అయిదు. చీర మారలేదు, నేత మారలేదు. ఎవరును అబద్ధము వ్రాయనక్కరలేదు. నిజము వ్రాసినవారిని నలుగురిని తీసివేసిన చాలును. పొగడ్తలను కొనుట కష్టమనియు, నిందను కొనుట సులువనియు అప్పుడు మాకు తెలిసెను. మా నింద 1,850 రూపాయలకు అమ్ముడుపోయినది గదా.

మన దేశములో చట్టము లేకపోలేదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమములు, అమ్మువాడు కొనువాని వేషము ధరించి తన వస్తువును తానే పొగడుకొనరాదని చెప్పుచున్నవి. వేషములు వేయుటకు ఫిల్మ్‌నగరు చాలును, అంగడి యెందుకు? 2022 నవంబరులో భారత ప్రమాణముల సంస్థ, కొనుగోలుదారుల అభిప్రాయములను సేకరించుట, వడపోయుట, ప్రకటించుట ఎట్లో తెలుపుచు ఐఎస్ 19000 అను ప్రమాణమును ప్రకటించెను. చిత్తశుద్ధి, ఖచ్చితత్వము, పారదర్శకత అందలి మూలసూత్రములు. కాని విడుదలనాడు అది ఇష్టమైనవారు పాటించునది గానే యుండెను. అమెరికాలో ఫ్యాషన్ నోవా అను బట్టల వర్తకసంస్థ, నాలుగు నక్షత్రములకు తక్కువైన అభిప్రాయములను కొన్ని యేండ్లు వెలికి రానీయక దాచినదని అక్కడి ప్రభుత్వపు వాణిజ్యసంఘము ఆరోపింపగా, 2022 జనవరిలో 42 లక్షల డాలర్లు చెల్లించుట కొప్పుకొనెను. 2024 అక్టోబరు 21 నుండి అక్కడ అట్లు దాచుటను నిషేధించు నియమము అమలులోనికి వచ్చినది. మన వినియోగదారుల సహాయమునకు 1915 అను ఫోను సంఖ్య కలదు. వస్తువు చెడిపోయిన, సొమ్ము రాకున్న అక్కడ చెప్పుకొనవచ్చును. మా పొరుగింటామెయు చెప్పుకొన్నది. కాని మాయమైన మాటవలన మునిగినవారు ఎవరికి చెప్పుకొందురు? అట్టి మాట యొకటి ఉండెడిదని వారికి తెలియనే తెలియదు.

మరునాడు రవికె గుండీలు కుట్టుచు ఆమెయే వాదమునకు దిగెను. “అయితే నా మీద అబద్ధం రాసినామె మాట అలాగే ఉండాలంటారా?” న్యాయమైన ప్రశ్నయే. మాకు తోచినది చెప్పితిమి. అబద్ధమని తేలిన మాటపై గీత కొట్టవలెను, కారణము ప్రక్కన వ్రాయవలెను. మాటను మాత్రము కనబడనీయవలెను. ఇది మేము కనిపెట్టినది కాదు. అమెజాన్‌లో వస్తువును చేరవేయు పూచీ ఆ సంస్థయే వహించినచో, ఆలస్యమైనదని అమ్మకందారుని నిందించిన మాటపై గీత కొట్టి, ఆ బాధ్యత మాదని ప్రక్కన వ్రాయు పద్ధతి కలదు. నింద చదువవచ్చును, సమాధానమును చదువవచ్చును. మీ కొలతల చీటీని కూడ ఆ నింద ప్రక్కన పెట్టనిచ్చియున్నచో, చూచినవారు తీర్పు చెప్పెడివారు కారా?

ఆమె కొంతసేపు ఊరకుండి, “చీటీ పెట్టనిస్తే చాలును అప్పుడు” అనెను.

ఆ బుక్‌మైషో పంక్తిని గూర్చి కూడ మా అభిప్రాయము ఇప్పుడు కొంత మారినది. అక్కడ మంచిమాటను చెడ్డమాటను కలిపి మూసిరి. అది సమ్మతము కాదు. అమ్ముడుపోయిన కూతలతోపాటు టిక్కెట్టు కొని చూచినవాని మాటయు పోయెను. అయినను మూసితిమని వ్రాసి మూసిరి. ఇక్కడ చెప్పనిది కలదని తెలిసినవాడు వేరొకరి నడిగి తెలిసికొనును. ఆర్టీసీ క్రాస్ రోడ్సు థియేటర్లనుండి వెలికి వచ్చువారి ముఖములు చూచి, మాట్నీవారి మాట విని ఫస్టుషోకు పోవుట మన పెద్దలకు తెలిసినదే; ఆ నోళ్లను ఏ ఉత్తర్వును మూయలేదు. మా చీర సంగతి అట్లు కాదు. అక్కడ తలుపు తెరచియే యున్నది, నక్షత్రములు మెరయుచున్నవి, ఎవరును బయటికి పంపబడినట్లు జాడ లేదు. జాడ లేనిచోట ఎవరైనను ఏమని అడుగుదురు?

చిన్నప్పుడు మా తాతగారు మాచేత భారతము చదివించునప్పుడు, పాండవులడవికి పోయిన పిదప విదురుడు హితము చెప్పగా ధృతరాష్ట్రుడు కోపించి, నీ యిష్టమున్న చోటికి పొమ్మనిన ఘట్టమున మేము ఆగి, విదురుడు లేకున్న ఆ సభలో ఇక నిజమెవరు చెప్పుదురని అడిగితిమి. తాతగారు పుట త్రిప్పించిరి. ఆ గ్రుడ్డిరాజు తానే పశ్చాత్తాపపడి, సంజయుని కామ్యకవనమునకు పంపి విదురుని రప్పించుకొనెను. వెడలగొట్టినట్లు సభయంతయు ఎరుగును గనుకనే రప్పించుట సాధ్యమయ్యెనని ఇప్పుడు మాకు తోచుచున్నది.

గతవారము మా పొరుగింటామె తానే వ్రాసినది. మేము ప్రక్కన కూర్చుండి, చీర మాట చీర పుటలో, మనిషి మాట మనిషి పుటలో విడదీసి వ్రాయించితిమి. రెండు పుటల వ్యవహారము మాకు కంఠస్థము. ఆరు చీరలను మా వరండాలో ప్రక్కప్రక్కన పరచి బొమ్మ తీసితిమి. మాదియు అందులో నున్నది. అప్పటినుండి ప్రతి ఉదయము దీపము పెట్టినంతనే ఫోను తెరచి చూచుచున్నాము. నేటి ఉదయమువరకు రెండును ఉన్నవి.

నిన్న సాయంకాలము ఆమెకు ఫోను వచ్చెను. అదే మెత్తని గొంతు. 9,250 రూపాయలు వెనుకకు ఇత్తుమనియు, అయిదు చీరలను ఉంచుకొనుమనియు, పైన మరి రెండు పంపుదుమనియు. పెండ్లికి ఇంక పదిదినములున్నవి. వంటవారికి ఇంకను బయానా ఇయ్యలేదు. ఆమె ఫోనును చీరకొంగులో పట్టుకొని మా గుమ్మములో నిలిచి, “ఏం చెప్పమంటారు అక్కయ్యగారూ?” అని అడిగెను. సొమ్ము తీసికొన్న నోటితో వలదని చెప్పుటకు మాకు మాట రాలేదు. రేపు చెప్పెదనని ఆమె వానితో అని, పోయి మిషను ముందు కూర్చుండెను.